‘డౌన్ కదా’ అని వదిలెయ్యకండి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే శరీర కణాల్లో 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువగా ఉండే స్థితి) ఉన్న చిన్నపిల్లల గురించి చాలా ఉత్తరాలొచ్చాయి. ‘డౌన్ పిల్లలు అంతేనట కదా’ అన్న మాట దాదాపు అన్నిట్లోనూ ఉంది. ఆ మాట మీదే మాకు బెంగ. ఏం జరిగినా డౌన్ ఖాతాలో రాసేస్తే, మందుతోనో ఆపరేషన్‌తోనో సరిపోయే గుండె రంధ్రం, చెవిలో నీరు, థైరాయిడ్ లోపం లాంటివి ఏళ్ళ తరబడి బయటపడవు. కింది జవాబుల్లో ఎక్కడికక్కడ ముందు ఏ పరీక్ష చేయించాలో, తర్వాత ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పాం.

ప్రశ్న: మా మనవడికి ఏడు నెలలు. డౌన్ ఉందని నెల లోపే రక్తపరీక్షలో తేలింది. చోడి (రాగి) జావ పెడితే నాలుకతో బయటికి తోసేస్తున్నాడు. రుచి లేదేమోనని బెల్లం కలిపాను, అయినా అంతే. కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తే కొంచెం దిగుతోంది గానీ పొలమారుతోంది. అలా పొయ్యొద్దని కోడలు గొడవ. ఎవరి మాట వినాలి? – ఒక నాయనమ్మ, రాజాం

ఈ విషయంలో మీ కోడలి మాటే వినండమ్మా. పడుకోబెట్టి పోస్తే తల వెనక్కి వాలి, జావ గొంతులోంచి ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు. మామూలు బిడ్డయితే గట్టిగా దగ్గి బయటపడేస్తాడు. కండరాలు మెత్తగా ఉన్న బిడ్డకు దగ్గు కూడా బలంగా రాదు. చప్పుడు లేకుండా లోపలికి పోయిన జావ నాలుగు రోజులకు నెమ్ముగా తేలుతుంది.

నాలుకతో తోసెయ్యడానికీ రుచికీ సంబంధం లేదు. ఈ పిల్లల నోరు చిన్నది, నాలుక కండరం మెత్తన. చెంచా తగలగానే నాలుక ముందుకొస్తుంది. పాలు తాగేటప్పుడు అలవాటైన కదలిక అది. దాన్ని వెనక్కి మళ్ళించడం మన చేతిలో పనే.

ముందు కూర్చోబెట్టడం. నడుము నిటారుగా, తల కొంచెం ముందుకు, గడ్డం కిందికి ఉండాలి. తుంటి, మోకాలు, మడమ మూడూ మూలమట్టంలా వంగాలి. పాదాలు గాల్లో వేలాడకూడదు, కింద పీటో మడతపెట్టిన దుప్పటో పెట్టండి. కుర్చీలో అయితే నడుముకు రెండు పక్కలా తువ్వాళ్ళు చుట్టి దోపండి. పాదాలకు ఆసరా దొరికితే దవడ కూడా నిలకడగా ఆడుతుంది. ఒకసారి ఆసరాతో, ఒకసారి లేకుండా పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత చెంచా. ఇంట్లో ఉండే స్టీలు చెంచాలు లోతుగా ఉంటాయి, అందులోది పై పెదవికి అందదు. ఐస్‌క్రీం చెంచాలా బల్లపరుపుగా, అంచులు నున్నగా ఉన్న చిన్న ప్లాస్టిక్ చెంచా కొనండి. కొసనే పావు వంతు జావ తీసుకోండి. చెంచాను నాలుక మధ్యన పెట్టి కిందికి కొంచెం నొక్కండి, అలాగే ఆగండి. ఆ ఒత్తిడికి నాలుక వెనక్కి తగ్గి, పై పెదవి కిందికి దిగి చెంచా మీద మూసుకుంటుంది. అప్పుడు చెంచాను తిన్నగా వెనక్కి లాగండి. మనమంతా చేసే పొరపాటు ఇక్కడే: చెంచాను పైకెత్తి పై పెదవికో చిగుళ్ళకో జావ గీకేస్తాం. అలా చేస్తే పెదవికి పని పడదు, నెలలు గడిచినా మూసుకోవడం రాదు. దవడ వాలిపోతుంటే మీ మధ్యవేలు గడ్డం కింద ఆనించి పట్టండి. మొదటి వారం పది రోజులు సగం బయటికే వస్తుంది, కంగారు పడకండి.

జావ పల్చగా ఉంటే నోట్లో పరుగెడుతుంది, ఈ బిడ్డ అదుపు చెయ్యలేడు. రెండు పెద్ద చెంచాల చోడిపిండిని అర గ్లాసు చల్లనీళ్ళలో ఉండ లేకుండా కలిపి, ఇంకో అర గ్లాసు మరిగే నీళ్ళలో పోసి, సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. చెంచా వంచితే ధారగా కాకుండా ముద్దముద్దగా జారాలి. దించాక అర చెంచా నెయ్యి. బెల్లం, ఉప్పు ఏడాది దాకా అక్కర్లేదు, ఏడాది లోపు తేనె అసలే వద్దు. పూటకు రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, నెమ్మదిగా అర కప్పు దాకా తీసుకెళ్ళండి. రోజుకు రెండు మూడు పూటలు, మధ్యలో తల్లిపాలు మామూలే. పూట ఇరవై నిమిషాలు, అరగంట దాటితే ఆపెయ్యండి, అలిసిన బిడ్డకే పొలమారుతుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు మిక్సీ మానేసి చేత్తో మెదిపిన పప్పన్నం, ఉడికించిన బంగాళదుంప మొదలుపెట్టండి. మింగుతున్నాడు కదా అని రెండేళ్ళు మెత్తనిదే పెట్టిన ఇళ్ళల్లో బిడ్డ నమలడం నేర్వడు.

ఇక మీరు రాయని సంగతి ఒకటి. తాగేటప్పుడు నుదుటి మీద చెమట పడుతోందా? నాలుగు గుక్కలకే ఆయాసపడి ఆగుతున్నాడా? పెదవులు నీలంగా మారుతున్నాయా? బరువు పెరగడం లేదా? డౌన్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. డాక్టరు చెవిగొట్టంతో విని బాగుందన్నా సరే, గుండెను స్కాన్ చేసి చూసే ఎకో పరీక్ష చేయించాల్సిందే. ఇంతవరకు చేయించకపోతే ఈ వారమే చేయించండి. పెద్ద రంధ్రాలకు చాలాసార్లు ఆరు నెలల లోపే ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి పెరిగి, ఆపరేషన్‌కే వీల్లేని స్థితి వస్తుంది. పిల్లల గుండె ఆపరేషన్లకు ఎన్టీఆర్ వైద్యసేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, వర్తిస్తుంది.

ప్రశ్న: పాపకు పదమూడు నెలలు. కూర్చోబెడితే కాళ్ళు బార్లా చాపి కప్పలా ముందుకు వాలిపోతుంది. మా అమ్మ వాకర్ కొంటానంటోంది. నీళ్ళు పోసే ఆవిడ నలుగు పెట్టాక కాళ్ళు పట్టి తలకిందులుగా ఊపితే నరాలు గట్టిపడతాయంటోంది. ఏది మంచిది? – ఒక తల్లి, బొబ్బిలి

రెండూ వద్దు. ముందు తలకిందులు చెయ్యడం ఇవాళే ఆపించండి. డౌన్‌లో కీళ్ళను పట్టి ఉంచే స్నాయువులు వదులుగా ఉంటాయి. మెడలో మొదటి రెండు ఎముకల మధ్య ఆ పట్టు సడలి ఉంటే, వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. కాళ్ళు పట్టి వేలాడదియ్యడం, చేతులు పట్టి గుంజి లేపడం, కాలూ చెయ్యీ అడ్డంగా సాగదియ్యడం, ఇవేవీ చెయ్యకూడదు. నూనె రాయండి, నలుగు పెట్టండి, వెన్ను మీదా పాదాల మీదా చేత్తో గట్టిగా రుద్దండి, అది పాపకు మంచిదే. నీళ్ళు పోసే అవ్వకు కోపం రాకుండా చెప్పాలంటే ‘ఈ పిల్లలకు మెడ వదులుగా ఉండొచ్చని డాక్టర్లు అంటారు’ అనండి. ఆ మాట నిజమే.

వాకర్లో బిడ్డ మునివేళ్ళ మీద తన్నుకుంటూ పోతుంది. నడుము, తుంటి బలపడే అవసరమే ఉండదు. గడప దగ్గర బోల్తా పడడం వేరే ఇబ్బంది. ఆ డబ్బుతో అడుగు ఎత్తున్న గట్టి పీట ఒకటి చేయించండి, దాని పని కింద చెబుతాం.

ఈ పిల్లలు సగటున పదకొండు నెలలకు కూర్చుంటారు, కొందరికి రెండేళ్ళు దాటుతుంది. నడక సగటున రెండేళ్ళకు, కొందరికి నాలుగేళ్ళకు. కాబట్టి మీ పాప తేదీల గురించి బెంగ అక్కర్లేదు. కాళ్ళు బార్లా చాపే అలవాటు గురించి మాత్రం పట్టించుకోవాలి. అంత వెడల్పుగా కూర్చుంటే కండరాలకు పని లేకుండానే నిలబడిపోతుంది, పక్కకు తిరగడం, లేవడం నేర్వదు. మీరు వెనక కూర్చుని, మీ రెండు తొడల మధ్య పాప తొడలు దగ్గరగా ఉండేలా పట్టండి. చేతులు చంకల్లో కాకుండా తుంటి మీద ఉంచండి. ఎంత కింద పట్టుకుంటే పాప అంత పని చేస్తుంది. బొమ్మను ఎదురుగా కాకుండా పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో పెట్టండి.

పడుకున్న పాపను లేపేటప్పుడల్లా నేరుగా ఎత్తెయ్యకండి. కుడి పక్కకు దొర్లించి, ఎడమ తుంటిని కిందికి నొక్కండి. పాప కుడి మోచేతి మీద బరువు వేసి తనే లేస్తుంది. తర్వాతిసారి ఎడమ పక్క. రోజుకు పదిసార్లు గుడ్డలు మారుస్తారు కదా, పదిసార్లు ఇదే చేస్తే వేరే వ్యాయామం గంట పెట్టుకోనక్కర్లేదు. బోర్లా పడుకోబెట్టడం ఒక్కోసారి అయిదు నిమిషాలైనా చాలు, రోజులో ఏడెనిమిది సార్లు.

నిలకడగా కూర్చోవడం వచ్చాక పీట. పాప మోకాలి ఎత్తులో మీ తొడ మీదో చిన్న బల్ల మీదో కూర్చోబెట్టి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, ఎదురుగా పీట మీద గిన్నె, గరిటె పెట్టండి. వాటి కోసం లేస్తుంది, కూర్చుంటుంది. అయిదుసార్లు చాలు, రోజుకు మూడు నాలుగు విడతలు. పాదం లోపలికి పడిపోతుంటే చెప్పులేమిటో ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి, దుకాణంలో అడిగి కొనకండి.

పాప ఈ మధ్య మరీ మందకొడిగా, చల్లగా, మలబద్ధకంగా ఉంటే ‘డౌన్ కదా’ అనుకోకుండా థైరాయిడ్ పరీక్ష చేయించండి. పుట్టినప్పుడు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఈ పరీక్ష అందరికీ ఉండాలి, లక్షణం ఉన్నా లేకపోయినా. ఆరు నెలల లోపు కళ్ళ డాక్టరుకూ చూపించాలి. మీరింకా చూపించకపోతే రెండూ ఒకే ప్రయాణంలో కానివ్వండి.

ప్రశ్న: మూడున్నరేళ్ళ బాబు రాత్రంతా గురక, నోరు తెరిచి నిద్ర. ఒక్కోసారి కూర్చుని ముందుకు వంగి నిద్రపోతాడు. పిల్లలు గురకపెడితే మంచిదే అంటున్నారు. – నరసన్నపేట

మంచిది కాదు. వంగి నిద్రపోవడమంటే గాలి దారి తెరుచుకోవడానికి బిడ్డ తనంతట తను కనిపెట్టుకున్న ఉపాయం. నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటే పగలు చిరాకు, మతిమరుపు, గుండె మీద భారం. నాలుగేళ్ళ లోపు డౌన్ ఉన్న పిల్లలందరికీ నిద్ర పరీక్ష చేయించాలని వైద్యుల సూచన. రాత్రి రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తియ్యండి, ఛాతీ కనిపించేలా, దుప్పటి తీసి. చెవి ముక్కు గొంతు డాక్టరుకు అది పది మాటల కంటే ఎక్కువ చెబుతుంది. టాన్సిల్స్ తియ్యాల్సి వస్తే మత్తు డాక్టరుతో ‘డౌన్ ఉంది, మెడ జాగ్రత్త’ అని మీరే ముందు చెప్పండి.

ప్రశ్న: పాపకు మూడేళ్ళు. అమ్మ, తాత, పా, ఇంకో రెండు మాటలు తప్ప రావు. అన్నీ అర్థమవుతాయి. మాది ఒడియా ఇల్లు, వీధిలో తెలుగు. రెండు భాషలు కావడం వల్లేనా? ఒకటి మానేయాలా? – ఇచ్ఛాపురం

ఏదీ మానకండి. రెండు భాషలున్న ఇళ్ళల్లో ఈ పిల్లలు రెండూ నేర్చుకుంటున్నారు, ఆలస్యం భాషల సంఖ్య వల్ల కాదు. బామ్మతో ఒడియా ఆపేస్తే పాపకు బామ్మే దూరమవుతుంది.

ముందు చెవులు. ఈ పిల్లల చెవి రంధ్రం ఇరుకు, గుమిలి త్వరగా మూసేస్తుంది, జలుబు చేస్తే చెవిపొర వెనక జిగురు నీరు చేరి నెలల తరబడి ఉండిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. బిడ్డకు మాత్రం నీళ్ళలో మునిగి వింటున్నట్టు ఉంటుంది. పిలిస్తే పలుకుతోంది కదా అంటారు, పిలుపు వినపడుతుంది గానీ ‘కప్పు’కూ ‘పప్పు’కూ తేడా వినపడదు. గుమిలి తీయించి, వినికిడి ఎంతుందో చూసే బెరా పరీక్ష, చెవిపొర ఒత్తిడి చూసే టింపనోమెట్రీ రెండూ చేయించండి. పుట్టినప్పుడు బాగుందన్నా సరే, ఆరు నెలలకోసారి చూపించాలి. నీరు తగ్గకపోతే పొరలో చిన్న గొట్టం పెడతారు.

ఇంట్లో సైగలతో మొదలుపెట్టండి. సైగలు నేర్పితే మాట రాదేమో అన్న భయం ఉంటుంది. జరిగేది అందుకు వ్యతిరేకం, అడిగింది దొరుకుతుందని తెలిసిన పిల్లే గొంతు కూడా కలుపుతుంది. అయిదు చాలు: ‘ఇంకా’, ‘అయిపోయింది’, ‘నీళ్ళు’, ‘ఎత్తుకో’, ‘ఇవ్వు’. ఇంట్లో అందరూ ఒకే సైగ చెయ్యాలి, సైగతోపాటు మాట కూడా అనాలి. అరటిపండు మొత్తం చేతికివ్వకుండా చిన్న ముక్క పెట్టి, ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఈ పిల్లలకు విన్నది లోపలికెళ్ళి జవాబు బయటికి రావడానికి అంత సమయం పడుతుంది. మనం మూడో అంకెకే ‘ఇంకా కావాలా తల్లీ’ అని పండు పెట్టేస్తాం, పాప వంతు పోతుంది.

పాప ఒక మాట అంటే మీరు రెండనండి. ‘పా’ అంటే ‘పాలు కావాలి’. సరిగ్గా అను అని నిలదియ్యకండి. విన్నదాని కంటే చూసింది వీళ్ళకు బాగా గుర్తుంటుంది, అందుకే ఇంట్లోవాళ్ళ ఫొటోలు అట్టముక్కల మీద అంటించి, కింద పెద్ద అక్షరాలతో ‘అమ్మ’, ‘తాత’ అని మాటంతా రాసి రోజూ రెండు నిమిషాలు చూపించండి. అ ఆలు రాకముందే చాలామంది ఆ మాటల బొమ్మను గుర్తుపట్టేస్తారు.

ప్రశ్న: పెద్దమ్మాయికి ఆరేళ్ళు, బాబుకు రెండేళ్ళు, వాడికి డౌన్. ‘తమ్ముడికే అన్నీ, నాకేం లేవు’ అని ఏడుస్తోంది. మొన్న బడిలో ఎవరో ‘మీ తమ్ముడు పిచ్చోడా’ అన్నారట. ఏం చెప్పాలి? – ఒక తండ్రి, ఆమదాలవలస

ఆ పాప ఏడుపులో న్యాయం ఉంది, ముందు అది ఒప్పుకోండి. ఆసుపత్రులు, థెరపీలు, చుట్టాల జాలి అన్నీ వాడి చుట్టూనే తిరుగుతున్నాయి.

రోజుకు పదిహేను నిమిషాలు, తమ్ముడు లేకుండా, అమ్మో నాన్నో ఆ పిల్ల ఒక్కదానితోనే ఉండాలి. ఆట ఏదో ఆమె చెప్పాలి. బాబు నిద్రపోయే వేళ పెట్టుకుంటే రోజు తప్పదు. ఎక్కువ సేపు ఇవ్వడం కంటే రోజూ ఇవ్వడం ముఖ్యం.

ఇంట్లో ధర్మం ఒకటే ఉండాలి. వాడు జుట్టు పీకితే ‘చిన్నోడు, తెలీదు, వదిలెయ్’ అంటున్నారేమో చూసుకోండి. వాడి చెయ్యి పట్టి ‘పీకకూడదు’ అని రెండే మాటల్లో, ముఖం గంభీరంగా పెట్టి చెప్పి, బొమ్మ పక్కన పెట్టెయ్యండి. వాడికి అర్థమవుతుంది. వదిలేస్తే పదేళ్ళకు వాడి చెయ్యి ఇంకా బరువెక్కుతుంది, అక్క మనసు అప్పటికే విరిగి ఉంటుంది.

జబ్బు పేరు దాచకండి. ఆరేళ్ళ పిల్లకు ఇంత చాలు: ‘తమ్ముడికి డౌన్ సిండ్రోమ్ ఉంది. పుట్టినప్పుడే ఉంది. ఎవరి తప్పూ కాదు, నీకు అంటుకోదు. వాడు అన్నీ నేర్చుకుంటాడు, నెమ్మదిగా.’ బడిలో అనడానికి ఒక మాట నేర్పి, ఇంట్లో నాలుగుసార్లు ఆడించండి: ‘పిచ్చి కాదు, డౌన్ సిండ్రోమ్. వాడికి బంతాట వచ్చు.’ పిల్లలు చిన్న జవాబు దొరికితే ఊరుకుంటారు. టీచరుగారికి కూడా మీరు వెళ్ళి చెప్పాలి, అది పిల్ల నెత్తిన పెట్టకండి. ‘నువ్వే వాడికి రెండో అమ్మవి’ అన్న మాట పెద్దవాళ్ళకు ముద్దుగా ఉంటుంది, ఆ పిల్లకు బరువు. అనొద్దు.

ప్రశ్న: బాబుకు అయిదేళ్ళు. మూత్రం చాలాసార్లు చెబుతాడు. దొడ్డికి మాత్రం నిక్కర్లోనే, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం. కొట్టినా మారలేదు. – విజయనగరం

కొట్టడం ఆపండి, వాడి చేతిలో లేని పని కావచ్చు. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెం అన్నారు చూడండి, అది విరేచనాల కంటే మలబద్ధకానికే ఎక్కువ గుర్తు. పెద్ద గట్టి ఉండ లోపల ఇరుక్కుంటే, దాని పక్కనుంచి పల్చటిది కారి నిక్కరుకు అంటుతుంది. వాడికి వస్తున్నట్టు తెలియదు కూడా. డాక్టరు పొట్ట నొక్కి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ముందు ఆ ఉండ కరిగి బయటికి రావాలి, ఆ తర్వాత మెత్తగా ఉంచే మందు నెలల తరబడి సాగాలి. నాలుగు రోజులకు తేలికయిందని ఆపెయ్యడం వల్లే మళ్ళీ మొదటికొస్తుంది. థైరాయిడ్ పరీక్షతోపాటు, గోధుమ పడకపోవడం అనే సీలియాక్ పరీక్ష గురించీ అడగండి. పుట్టినప్పటి నుంచీ మలబద్ధకమే అయితే, పెద్దపేగులో నరాలు లేకపోయే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ఉందేమో కూడా చూడాలి.

పొట్ట తేలికయ్యాక అలవాటు. భోజనం చేసిన ఇరవై నిమిషాలకు పేగు తనంతట కదులుతుంది, ఆ సమయం వాడుకోండి. పొద్దున టిఫిను తర్వాత, రాత్రి అన్నం తర్వాత, రోజూ అదే వేళ. నేలమట్టం దొడ్డిలో గొంతుకూర్చుంటే ఈ పిల్లలు ఊగుతారు, పడిపోతామన్న భయంతో బిగబట్టేస్తారు. పిల్లల పాటీ కుర్చీ మంచిది, పాదాలు పూర్తిగా నేలకు ఆని, మోకాళ్ళు తుంటి కంటే ఒక బెత్తెడు పైన ఉండాలి. పెద్ద కమోడ్ అయితే పిల్లల సీటు వేసి, కాళ్ళ కింద పీట. బెలూనో ఊదుడు బూరో ఇచ్చి ఊదించండి, ఊదితే పొట్ట బిగుస్తుంది, ముక్కడం నేర్పే తేలిక దారి అదే. అయిదు నిమిషాలు, అంతే. వచ్చినా రాకపోయినా లేపండి. ఫోన్ ఇవ్వకండి, ఫోన్ ఇస్తే వచ్చిన పని మరిచిపోతాడు.

నిక్కర్లకు గుండీలు, బొందులు వద్దు, ఎలాస్టిక్ ఉన్నవే. గోడ మీద వరసగా బొమ్మలు అంటించండి: నిక్కరు విప్పు, కూర్చో, కడుగు, నిక్కరు వేసుకో, చేతులు సబ్బుతో. తడిసినా అంటినా తిట్టకుండా దొడ్డిలోకే తీసుకెళ్ళి అక్కడే మార్చండి, ఆ పని చేసే చోటు అదేనని గుర్తుండాలి. పగలు కుదిరాక రాత్రి సంగతి చూద్దాం.

ప్రశ్న: మాది మేనరికం. అందుకే పాపకు డౌన్ వచ్చిందని అత్తవారింట్లో రోజూ మాటలు. గ్రహణం రోజు బయటికెళ్ళానని కూడా అంటున్నారు. రెండో బిడ్డకు వస్తుందా? – చీపురుపల్లి

మేనరికానికీ డౌన్‌కూ సంబంధం లేదు, గ్రహణానికి అంతకంటే లేదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోము విడిపోకుండా జంటగా వచ్చేస్తుంది, బిడ్డకు మూడు చేరతాయి. నూటికి తొంభై అయిదు మందిలో జరిగేది ఇదే. ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపగలిగింది కాదు. 1959లో ఫ్రాన్స్‌లో ఈ సంగతి కనిపెట్టేదాకా డాక్టర్లకే తెలియదు. తల్లి వయసు ముప్పై అయిదు దాటితే అవకాశం పెరుగుతుంది గానీ చిన్న వయసు తల్లులకూ పుడతారు. మేనరికంలో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, వాటి గురించి జెనెటిక్ సలహా తీసుకోవచ్చు, డౌన్ ఆ జాబితాలోది కాదు.

పాప కారియోటైప్ (క్రోమోజోముల రక్తపరీక్ష) రిపోర్టు తీసి చూడండి. 47 అని ఉండి, చివర +21 అని ఉంటే, మీ ఇద్దరికీ పరీక్ష అక్కర్లేదు. తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి. 46 అని ఉండి 14, 21 లాంటి రెండు అంకెలు కలిపి రాసి ఉంటే అది ట్రాన్స్‌లొకేషన్ రకం, అంటే అదనపు 21 ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉందన్నమాట. అప్పుడు మాత్రం భార్యాభర్తలిద్దరికీ రక్తపరీక్ష తప్పనిసరి. తల్లిలో ఆ మార్పు ఉంటే అవకాశం నూటికి పది పదిహేను దాకా, తండ్రిలో ఉంటే చాలా తక్కువ.

మళ్ళీ గర్భం వస్తే 11 నుంచి 13 వారాల మధ్య మెడ వెనక మందం చూసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష. పది వారాల తర్వాత తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ కూడా ఉంది. ఇవి అనుమానం చెప్పేవే. ఖాయంగా తెలియాలంటే పదిహేను వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, అత్తవారిది కాదు. ఈ జవాబు ఉన్న పేజీ మీ వారికి, వీలుంటే మీ అత్తగారికి చదివి వినిపించండి.

ప్రశ్న: నాలుగేళ్ళ బాబుకు సర్టిఫికెట్, పెన్షన్, బడి ఎలా? ఎక్కడికెళ్ళాలో తెలియడం లేదు. – పలాస

సచివాలయంలోనో మీసేవలోనో సదరం శిబిరానికి (వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం) స్లాట్ తీసుకోండి. బాబు ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, కారియోటైప్ రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు అసలువీ జిరాక్సులూ పట్టుకెళ్ళండి. ఏడాది నిండిన పిల్లలకే ఇస్తారు. అయిదేళ్ళ లోపు ఎదుగుదల ఆలస్యం అని తాత్కాలిక సర్టిఫికెట్ వస్తుంది, అయిదు దాటాక మేధోపరమైన వైకల్యం కింద మళ్ళీ పరీక్షించాలి. తాత్కాలికం అని చూసి నిరాశపడకండి, గడువు తేదీ మాత్రం క్యాలెండర్లో రాసుకోండి. జాతీయ స్థాయి వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ కూడా వస్తుంది, దూరప్రయాణాలకూ పథకాలకూ అదే అడుగుతారు. 40 శాతం, ఆపైన ఉంటే రాష్ట్రంలో నెలకు 6,000 రూపాయల పెన్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకు కూడా వస్తుంది.

బడి విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలోనో, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత చదువు హక్కు. ఇప్పుడు నాలుగేళ్ళే కాబట్టి అంగన్‌వాడీకి పంపండి, పక్క పిల్లల్ని చూసి వీళ్ళు నేర్చుకునేంత మన దగ్గర నేర్చుకోరు. మండలంలో సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో అడగండి. అక్కడ ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ ఏ రోజో కనుక్కుని ఆ రోజు తప్పకుండా వెళ్ళండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ గురించి కూడా అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన సత్వర చికిత్సా కేంద్రం అది, డౌన్ ఆ పథకం జాబితాలో ఉంది.

ప్రశ్న: విజయనగరం సిరిమానోత్సవానికి పిల్లలిద్దర్నీ తీసుకెళ్ళాలనుంది. చిన్నవాడికి అయిదేళ్ళు, డౌన్ ఉంది, చెయ్యి విడిపించుకుని పరుగెడతాడు. మానెయ్యాలా? – గజపతినగరం

మానొద్దు, పైడితల్లి అమ్మవారి పండగ వాడిదీ. తొలేళ్ళ నాడు, అంటే సిరిమానుకు ముందు రోజైన సోమవారం, పగటిపూట రద్దీ తక్కువగా ఉన్నప్పుడు తీసుకెళ్ళి గుడి, మూడు లాంతర్లు, కోట దారి చూపించండి. మంగళవారం సిరిమాను తిరిగే వేళకు రోడ్డు మీద కాకుండా తెలిసినవాళ్ళ డాబా మీద చోటు చూసుకోండి. ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్ళు, ‘చిన్నోడి బాధ్యత ఈ గంట నీది, వచ్చే గంట నాది’ అని పైకి అనుకోవాలి. అందరూ చూస్తున్నారనుకున్నప్పుడే పిల్లలు తప్పిపోతారు.

మణికట్టు పట్టుకోండి, వేళ్ళు కాదు, వేళ్ళు జారిపోతాయి. మెత్తటి తాడుతో నడుము బెల్టు కట్టుకున్నా తప్పేం లేదు, చూసేవాళ్ళ మాట పట్టించుకోకండి. డప్పుల చప్పుడుకు బెదిరితే చెవులకు దూది కాకుండా చెవులు కప్పే హెడ్‌ఫోన్లు పెట్టండి, దూది వాళ్ళ ఇరుకు చెవిలో ఇరుక్కుంటుంది. చొక్కా లోపలి పట్టీ మీద చెరగని సిరాతో మీ ఫోన్ నంబరు రాయండి, పేరు రాయకండి, కొత్తవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే వెళ్ళిపోతాడు. ఇంటి నుంచి బయల్దేరే ముందు ఆ రోజు వేసుకున్న బట్టలతో నిలువెత్తు ఫొటో ఒకటి తీసి, ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.